టీచరమ్మ జవాబులు: కత్తి కంటే నోరు పదునైన సినిమా

పోయిన సంచికలో నైజీరియా నుంచి, అక్కడి యొరుబా భాషలో వచ్చిన యుద్ధ చిత్రం ‘జగున్ జగున్’ గురించి నాలుగు మాటలు రాసి, వీలైతే చూడండి అన్నాను. 2023 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన సినిమా అది. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. మెచ్చుకున్నవాళ్లున్నారు, రెండు గంటలకు పైగా కూర్చోబెట్టానని కోప్పడ్డవాళ్లూ ఉన్నారు. ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నా సంగతి ఒక్క ముక్క. 1980 నుంచి 1985 దాకా నైజీరియాలోని ఓయో పట్టణంలో సెకండరీ స్కూల్లో లెక్కలు చెప్పాను. మావారు అదే స్కూల్లో ఫిజిక్స్ చెప్పేవారు. 1979లో అక్కడి పశ్చిమ రాష్ట్రాల్లో హైస్కూలు చదువు ఉచితం చేశారు. పిల్లలు వెల్లువలా వచ్చిపడ్డారు, పాఠాలు చెప్పేవాళ్లు చాలలేదు. అలా మన దేశం నుంచి ఎంతోమంది టీచర్లు వెళ్లారు. మేమూ వెళ్లాం.

తెనాలి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: టీచర్ గారూ, మీ మాట మీద చూశాను. కథంతా ముందే తెలిసిపోయింది. తండ్రి చావుకు పగ, గురువే దుర్మార్గుడు, గురువు కూతురితో ప్రేమ. ఇందులో మీకు అంత గొప్పగా కనిపించిందేమిటి?

నాయనా, కథ విషయంలో నీతో నాకు పేచీ లేదు. గ్బొతిజా అనే కుర్రాడు చెట్లతో మాట్లాడగలడు. బలం సంపాదించుకుందామని ఒగుండిజి అనే యుద్ధనాయకుడి శిబిరంలో చేరతాడు. కుర్రాడి సత్తా చూసిన కొద్దీ గురువుకు గుబులు పెరుగుతుంది. ఆయన కూతురు ఆ కుర్రాడినే కోరుకుంటుంది. ఇక పరీక్ష మీద పరీక్ష. మొదటి అరగంట చూసినవాళ్లకి చివరి అరగంట ఎటు పోతుందో తెలిసిపోతుంది.

నాకు అంతకంటే బాధ కలిగించిన లోపం ఇంకొకటుంది. చెట్లతో మాట్లాడే వరం! ఎంత అందమైన ఊహ అది. ఆ వరాన్ని అవసరం పడ్డప్పుడు బయటికి తీస్తారు, పని కాగానే మూటకట్టి అటక మీద పెట్టేస్తారు. ఆ కుర్రాడు ఒంటరిగా ఉన్న రాత్రి చెట్టు వాడితో ఏమంటుంది? తన నీడలోనే మనుషులు ఒకళ్లనొకళ్లు నరుక్కుంటుంటే దానికి ఎలా ఉంటుంది? ఆ మాటలు నాలుగు వినిపించి ఉంటే గ్బొతిజా మిగతా కథానాయకులందరిలో కలిసిపోయేవాడు కాదు.

ఇక గొప్ప సంగతి. నువ్వు సబ్‌టైటిల్స్ చదువుతూ చూసి ఉంటావు. ఆ సినిమాలో సగం సబ్‌టైటిల్స్‌లోకి రాలేదు నాయనా.

మేము ఓయో వెళ్లిన కొత్తల్లో హ్యూబర్ట్ ఒగుండె సినిమా ‘ఐయే’ ఆడితే పక్కింటి ఇయా నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్లింది. ఇయా అంటే అమ్మ, అక్కడ పెద్దావిడని అలాగే పిలుస్తారు. ఒగుండె అంటే యొరుబా సంచార నాటక సమాజాలకు మూలపురుషుడి లాంటివాడు. 1940లలో నాటకాల కంపెనీ పెట్టి, ఊరూరా తిరిగి, పెద్దతనంలో సినిమాల్లోకి వచ్చాడు. తెర మీద మాంత్రికుడు, మంత్రగత్తెలు ఎదురుపడ్డారు. కత్తి లేదు, బల్లెం లేదు. ఇద్దరూ మాటలు విసురుకుంటున్నారు. హాలంతా ఊగిపోతోంది. కొందరు లేచి నిలబడి పాత్రతోపాటే ఆ మాటలు అంటున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ ఒళ్లు జలదరించింది. ఇంటికొచ్చాక అడిగితే ఇయా చెప్పింది, దాన్ని ‘ఒఫొ’ అంటారట. మంత్రమే, కానీ దాని కిటుకు వేరు.

ఒక పాత ఒఫొ చెబుతాను, చూడు. ‘ఒగ్బొ’ అని ఒక మొక్క. యొరుబాలో ‘గ్బొ’ అంటే వినడం. మంత్రం వేసేవాడు అంటాడు: “ఒగ్బొకి ఏం చెబితే ఒగ్బొ అది వింటుంది.” వెంటనే ఇంకో మొక్క, ‘ఒగ్బా’. ‘గ్బా’ అంటే ఒప్పుకోవడం, పుచ్చుకోవడం. “ఒగ్బాకి ఏం చెబితే ఒగ్బా అది ఒప్పుకుంటుంది.” మొక్క పేరులోనే దాని పని దాగి ఉంది. ఆ పేరును నోటితో తట్టి లేపితే, లోకం ఆ మాటకు కట్టుబడాలి. ఇప్పుడు ఇది సబ్‌టైటిల్‌లో ఎలా వస్తుంది? “నా మాట విను, ఒప్పుకో” అని వస్తుంది. అంతే. పేరూ పోయింది, తట్టి లేపడమూ పోయింది.

‘జగున్ జగున్’లో ఇద్దరు యోధులు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే చోట్లన్నీ నువ్వు “ఎప్పుడు కొట్టుకుంటారా” అని ఎదురుచూసి ఉంటావు. అక్కడివాళ్లకి అప్పటికే యుద్ధం మొదలైంది. మన పద్యనాటకంలో రాయబారం పద్యం ఎత్తుకున్నప్పుడు కథ ఆగిపోయిందని ఎవరైనా అనుకుంటారా? జనం వన్స్‌మోర్ కొట్టేది అక్కడే కదా. ఇదీ అలాంటి చోటే.

ఇంకో సంగతి, స్వరం. యొరుబాలో మాటని పైకి, కిందికి, మధ్యలో పలకడాన్నిబట్టి అర్థం మారిపోతుంది. ‘ఒగున్’ తీసుకో. ఒకలా పలికితే యుద్ధం. ఇంకోలా పలికితే ఇనుముకి అధిదేవత, యోధుల కులదైవం. మరోలా అంటే ఇరవై. అలాగే పలికే ఇంకో మాటకి వారసత్వం అని అర్థం. కాస్త సాగదీస్తే మందు, మంత్రౌషధం. లెక్కల టీచరుని కాబట్టి ఇరవై దగ్గర నేను చాలా తిప్పలు పడ్డాను. పందొమ్మిదిని వాళ్లు “ఇరవైకి ఒకటి తక్కువ” అంటారు, పదహారుని “ఇరవైకి నాలుగు తక్కువ” అంటారు. బోర్డు మీద అంకె వేసి నోటితో చదివితే పిల్లలు నవ్వేవాళ్లు, నేను చదివింది యుద్ధమట! ఆ సినిమాలో యుద్ధం, ఇనుపదేవుడు, మందు, తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది, ఇవన్నీ ఒకే శబ్దం చుట్టూ తిరుగుతాయి. రాసినవాళ్లకి, నటించినవాళ్లకి అది తెలుసు. మనం వినగలిగేది శబ్దాన్నే. దాన్నయినా శ్రద్ధగా వినాలి.

అందుకే నటుల్ని ఎంచుకోవడంలో ఈ సినిమా సగం గెలిచిందని నా నమ్మకం. ఒగుండిజిగా వేసి, సినిమాని నిర్మించింది కూడా తానే అయిన ఫెమి అడెబాయొ, ఆ సంచార నాటకాల నుంచి వచ్చిన నటుడు అడెబాయొ సలామి కొడుకు. ఇద్దరు దర్శకుల్లో ఒకరైన తోపె అడెబాయొ కూడా సలామి కొడుకే. మాటని ఎక్కడ ఆపాలో, ఎక్కడ సామెతని ఈటెలా వదలాలో ఆ ఇంట్లో నేర్పక్కర్లేదు. “సామెత మాటకి గుర్రం, మాట తప్పిపోతే సామెతనెక్కి వెతుకుతాం” అని యొరుబావాళ్లు అంటారు. ఒగుండిజి ఆ గుర్రం దిగడు. నెమ్మదిగా మాట్లాడినప్పుడే ఆయనంటే భయమేస్తుంది. సేనాని గ్బోగున్మిగా వేసిన ఇబ్రహీం యెకిని అయితే నాకు అందరికంటే ఎక్కువ నచ్చాడు. నాయకుడి మీద విధేయత ఒకవైపు, కళ్లెదుట జరుగుతున్న అన్యాయం ఒకవైపు. ఆ బరువు ఆయన భుజాల్లో కనిపిస్తుంది.

హైదరాబాద్ నుంచి ఒక ఎడిటింగ్ అసిస్టెంట్: ఫైట్లు తేలిపోయాయి మేడమ్. గ్రాఫిక్స్ అతికించినట్టు ఉన్నాయి. మీరు మొహమాటపడి చెప్పలేదా?

మొహమాటం లేదు బాబూ, చోటు చాలక రాయలేదు. శిబిరంలో సాధన చేసే కుర్రాళ్ల గుంపు, దుమ్ము, డోలు, అడుగుల శబ్దం, ఇవి బాగున్నాయి. ఇద్దరు కలియబడ్డాక మాత్రం కొన్ని చోట్ల దెబ్బ తగిలే లోపే షాటు మారిపోతుంది. ఎవరు ఎటు నిలబడ్డారో తెలియదు. ఒక్కసారి స్లోమోషన్ వాడితే ఊపిరి బిగబడుతుంది, పదేపదే వాడితే ఆ బిగువు పోతుంది. కంప్యూటర్‌లో చేసిన మాయలు కొన్ని కంటికి ఆనలేదు. నా దృష్టిలో అసలు తప్పు ఏమిటంటే, నోటితో గెలవగలిగిన చోట కూడా వెళ్లి కంప్యూటర్ మీద ఆధారపడటం.

అయితే కారణం కూడా తెలుసుకోవాలి. ఒగుండె కాలంలో అక్కడ సినిమా ఫిల్ము మీదే తీసేవారు, దాన్ని కడిగించడానికి విదేశాలకు పంపేవారు. 1980లలో చమురు ధర పడిపోయింది, తర్వాత అక్కడి డబ్బు, నైరా, విలువ కుప్పకూలింది. మేము తిరిగొచ్చేసిందీ ఆ రోజుల్లోనే. పొదుపు చేసిన నైరాలు రూపాయల్లోకి మారేసరికి ఎంత కరిగిపోయాయో ఇప్పటికీ తలుచుకుంటే కష్టంగా ఉంటుంది. ఫిల్ము కొనడం ఎవరి తరమూ కాలేదు. సినిమా వీడియో క్యాసెట్‌లోకి దిగింది. కొద్ది రోజుల్లో తీసి, బజారులో అమ్మేసేవారు. మాట, నటన క్యాసెట్‌లో బతికాయి. పోరాటాలు కూర్చడం, పెద్ద తెరకి తగ్గట్టు కెమెరా నడపడం, ఆ విద్య తరం నుంచి తరానికి చేరకుండా మధ్యలో తెగిపోయింది. మనకి మద్రాసు రోజుల నుంచి ఫైట్ మాస్టర్ల దగ్గర శిష్యులు, ఆ శిష్యులకి శిష్యులు, తెగని వరస ఉంది. వాళ్లు తెగిన తాడుని ముడి వేసుకుంటున్నారు. ఇదే దర్శకుల జోడీ 2022లో తీసిన ‘అగెసిన్‌కోలె’ అక్కడి థియేటర్లలో బాగా ఆడింది. కున్లె అఫొలాయన్ అనే దర్శకుడు ఓయో రాష్ట్రంలో ఇగ్బొజాయె దగ్గర ఏకంగా ఒక సినిమా పల్లెనే కట్టుకున్నాడు. ముడి గట్టిపడుతోంది.

చీరాల నుంచి ఒక చేనేత కార్మికుడు: అమ్మా, ఆ సినిమాలో రాజులు కట్టిన బట్ట చూశాను. సన్నటి పట్టీలు పక్కపక్కన కుట్టినట్టుంది. అది చేతి నేతేనా?

ఈ ప్రశ్న వచ్చినందుకు ఎంత సంతోషమో చెప్పలేను. మీ కన్ను మోసపోలేదండీ. దాని పేరు అషొ ఓకె. ఓయోకి కాస్త దూరంలో ఇసెయిన్ అనే ఊరుంది, ఆ నేతకి పెట్టింది పేరు. మగ్గం సన్నగా ఉంటుంది, బట్ట జానెడు కంటే తక్కువ వెడల్పు. పడుగుని మగ్గానికి చుట్టిపెట్టరు. బారుగా ముందుకు పరిచి, చివర ఒక బరువు కట్టి, నేల మీద లాగుతూ వదులుతారు. నేత సాగేకొద్దీ ఆ బరువు నేల మీద జరుగుతూ నేతగాడి వైపు వస్తుంది. వరసగా కూర్చున్న మగ్గాల ముందు పడుగులన్నీ వీధి పొడుగునా పరుచుకుని ఉంటే, దాటేటప్పుడు నేను చెప్పులు చేత్తో పట్టుకుని దాటేదాన్ని. అలా నేసిన పట్టీలని అంచుకి అంచు కలిపి కుడితే దుప్పటంత బట్ట.

రంగుల్లో మూడు పేరున్నవి. నీలిమందులో మళ్లీ మళ్లీ ముంచి నల్లబడ్డంత ముదురు నీలం ‘ఎతు’. అడవి పట్టుతో వచ్చే లేత గోధుమరంగు ‘సన్యాన్’. ఎరుపు ‘అలారి’. వేటగాళ్లు, యోధులు వేసుకునే చొక్కా వేరు. దాని నిండా తోలు తాయెత్తులు, చిన్న చిన్న సొరకాయ బుర్రలు కుట్టి ఉంటాయి. ఆ బుర్రల్లో మందు. సినిమాలో చొక్కా చూస్తే ఆ మనిషి ఎన్ని యుద్ధాలు చేశాడో ఊహించుకోవచ్చు. దుస్తుల శాఖకి నా నమస్కారం.

ఒక్కటే అసంతృప్తి. బట్టలు మరీ కొత్తవి. నెలల తరబడి శిబిరంలో పడుకున్నవాళ్ల బట్ట మీద చెమట చారలు, చిరుగులు, మాసికలు ఉండాలి. చేత్తో నేసిన బట్ట పాతబడితే ఎంత అందంగా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

వరంగల్ నుంచి ఒక జూనియర్ లెక్చరర్: ఇది నిజంగా జరిగిన చరిత్రా, కల్పనా?

కల్పన. ఒగుండిజి అనే మనిషి చరిత్రలో లేడు. అలాంటి మనుషులు మాత్రం నిజంగా ఉన్నారు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో పాత ఓయో సామ్రాజ్యం విచ్చిపోయింది. దిక్కులేనివాళ్లయిన యోధులు 1829 ప్రాంతంలో ఒక కొండ మీద గుడారాలు వేసుకుంటే, అదే పెరిగి ఇబాదాన్ నగరమైంది. అక్కడ వంశపారంపర్యంగా సింహాసనం లేదు. ఒక్కో యుద్ధనాయకుడికి ఒక పెద్ద లోగిలి, అందులో వందల మంది కుర్రాళ్లు. ఏ ఊరివాడైనా సరే, సత్తా ఉంటే పైకొస్తాడు. గ్బొతిజా లాంటి కుర్రాడు ఒగుండిజి గడప తొక్కడం అక్కడివాళ్లకి ఇంటి కథ.

సేనానికి రాజు భయపడటం, రాజుకి సేనాని భయపడటం కూడా పాతదే. పాత ఓయోలో సర్వసేనాని బిరుదు ‘ఆరె ఓనా కకన్ఫో’. రాజుండే నగరంలో ఆయన కాపురం ఉండకూడదని ఆచారం. తర్వాత ఇబాదాన్‌కీ, దాని మీద తిరగబడ్డ యొరుబా రాజ్యాలకీ మధ్య 1877లో మొదలైన కిరిజి యుద్ధం 1893 దాకా, పదహారేళ్లు సాగింది. ఆ పేరు కూడా తుపాకుల మోతని అనుకరిస్తూ పుట్టిన శబ్దమే. శిబిరాల్లో ఇళ్లు కట్టుకున్నారు, పంటలు వేసుకున్నారు, పిల్లల్ని కన్నారు.

సినిమాలో ఇది నాకు చాలలేదు. ఊళ్లు తగలబడతాయి, రాజులు మారతారు, కానీ ఏ ఊరు ఏమిటో మనసుకి పట్టదు. ఆ యుద్ధాల వెనక పెద్ద వ్యాపారం ఉంది. పట్టుబడ్డ మనుషుల్ని అమ్మారు, పొలాల్లో పని చేయించారు, ఆ డబ్బుతో తుపాకులు కొన్నారు. ఆ బరువు కథలో తగిలి ఉంటే ఒగుండిజి క్రూరత్వం ఒక్క మనిషి దుర్బుద్ధిలా మిగిలిపోయేది కాదు.

భీమవరం నుంచి ఒక గృహిణి: ఆ కూతురి పాత్ర నాకు నచ్చలేదండీ. తండ్రికీ, ప్రియుడికీ మధ్య నలిగిపోవడమే. అక్కడి ఆడవాళ్లు అంతేనా?

కాదమ్మా, అస్సలు కాదు. బుకున్మి ఒలువాషినా మంచి నటి, ఉన్నంతలో ప్రాణం పెట్టింది. కథ ఆమెకి ఇచ్చిన చోటే చిన్నది. ఈ ఒక్క సినిమాదే కాదు, ఇలాంటి యుద్ధ చిత్రాల్లో చాలావాటికి ఉన్న జబ్బు ఇది.

నిజమైన ఇబాదాన్‌లో ఎఫున్‌సెతాన్ అనివురా అనే ఆవిడ ఉండేది. నగరంలోని ఆడవాళ్లందరి తరఫున మాట్లాడే ‘ఇయాలొదె’ పదవి ఆమెది. పెద్ద వ్యాపారస్థురాలు, యుద్ధనాయకులకి ఆయుధాలు, మందుగుండు అప్పు ఇచ్చేది. సేనాని లతోసాతో విభేదం వచ్చింది, ఆయన యుద్ధాలకి ఇక ఇవ్వనంది. 1874లో ఆయన ఆమెని పదవి నుంచి తీసేశాడు, ఆ ఏడే చంపించాడు. సొంత బానిసల పట్ల ఆమె క్రూరంగా ఉండేదనీ చెబుతారు. ఎంత బరువైన పాత్ర! మేము అక్కడున్న ఏళ్లలోనే ఆమె మీద రాసిన నాటకాన్ని ఇబాదాన్ స్టేడియంలో ఆడారు. మా స్టాఫ్‌రూమ్ సగం ఖాళీ అయిపోయింది. నేను పరీక్ష పేపర్లు దిద్దుతూ ఉండిపోయాను. వెళ్లొచ్చినవాళ్లు వారం రోజులు ఆ డైలాగులే చెప్పుకున్నారు. వెళ్లలేదే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

సినిమాలో అగెమొ అనే పాత్ర గురించి కూడా మీ ఉత్తరంలో రాశారు. చూడనివాళ్లు ఉన్నారు కాబట్టి ముడి విప్పను. ఒక్కటి చెబుతాను. యొరుబాలో అగెమొ అంటే ఊసరవెల్లి. ఆ పేరు గుర్తుపెట్టుకుని రెండోసారి చూడండి.

బెంగళూరు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: ఇంగ్లీషు డబ్బింగ్‌లో చూస్తే సరిపోతుందా?

వద్దు బాబూ. యొరుబాలోనే చూడు. ముఖ్యంగా డోలు విను. ఆ డోలుకి పక్కన తోలు తాళ్లుంటాయి, చంకలో పెట్టి నొక్కితే శబ్దం పైకీ కిందికీ పోతుంది. మాటల స్వరాన్నే అది పలుకుతుంది, అంటే నిజంగానే మాట్లాడుతుంది. ఓయోలో పెళ్లికి వెళ్తే డోలువాడు గుమ్మంలోనే ఒక్కొక్కరిని పేరు పెట్టి పొగిడేవాడు. అందరూ నవ్వుతూ వాడి నుదుటికి నోటు అంటించేవారు.

నిజామాబాద్ నుంచి ఒక తల్లి: మా బాబుకి పదకొండేళ్లు. యుద్ధం సినిమాలంటే ప్రాణం. చూపించవచ్చా?

వద్దమ్మా. రక్తం ఎక్కువ, చావులు ఎక్కువ, వాటిని దాచకుండా చూపించారు. కొన్ని చోట్ల నేనే తల తిప్పుకున్నాను. బాబుకి కథ కావాలంటే చెట్లతో మాట్లాడే కుర్రాడి కథ రాత్రి పడుకునేటప్పుడు మీరే చెప్పండి. చెట్టు ఏమందో వాణ్ణే చెప్పమనండి. వాడేం చెప్పాడో నాకు రాసి పంపితే చాలా సంతోషిస్తాను.